రైల్వే అప్రెంటిస్‌లో చేరి మూడు నెలలైంది, ఇంకా మెగ్గర్ చేతికివ్వలేదు. మానేయాలా?

వశిష్ట_గట్టు
మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లు చేశాను. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ తీస్తారు కదా, అందులో నా పేరు వచ్చింది. రైల్వే అనగానే ఇంట్లో పండగే. అమ్మ వీధి వీధంతా స్వీట్లు పంచింది. ఇప్పుడు ఒక లోకో షెడ్‌లో, అంటే రైలింజన్లు బాగుచేసే చోట ఉన్నాను, ఏ షెడ్డో రాయను. ఇంజను చక్రాల్ని తిప్పే ట్రాక్షన్ మోటార్ల సెక్షన్‌లో వేశారు.

ఈ మూడు నెలల్లో నేను చేసిందేమిటంటే, పొద్దున్నే సెక్షన్ ఊడవడం, గుడ్డతో మోటారు మీద గ్రీజు తుడవడం, స్పానర్లు అందించడం, స్టోర్‌కి వెళ్లి సామాను మోసుకురావడం, టీ తేవడం. మెగ్గర్, అంటే వైండింగ్ ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు, పెట్టే టైంకి దగ్గరికెళ్తే "పక్కకి జరుగు" అంటారు. నెలకి 7 వేలు ఇస్తున్నారు. హాస్టల్ లేదు. ముగ్గురం కలిసి రూము తీసుకున్నాం, రూముకి, మెస్‌కి పోగా ఏమీ మిగలడం లేదు. ఇంకా నాన్నే పంపుతున్నాడు. నాతో చదివినవాడు భీమవరంలో మోటారు వైండింగ్ షాపులో చేరి 14 వేలు తెచ్చుకుంటున్నాడు.

ఇంకా తొమ్మిది నెలలు ఇలాగే గడపాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చెరువు_మోటార్లు
వచ్చేయ్ అబ్బాయ్. నాకు ఆకివీడు దగ్గర షాపు ఉంది. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లు రోజుకి పది వస్తాయి. ఆరు నెలల్లో 2 హెచ్‌పీ మోటారు కళ్లు మూసుకుని చుట్టేలా తయారుచేస్తాను. అక్కడ టీ మోసుకుంటూ ఏడాది పోగొట్టుకోవడం ఎందుకు?

పాత_టీఎల్
తొందరపడకు బాబూ. నేను రైల్వేలో ట్రైన్ లైటింగ్‌లో, అంటే రైలు పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు చూసే సెక్షన్‌లో చేసి రిటైర్ అయ్యాను. నా సంగతి చెబుతాను విను.

1986లో చేరినప్పుడు నాతో ఆరు నెలలు బ్యాటరీలే కడిగించారు. పెట్టె కింద ఉండే బ్యాటరీ బాక్సు తీయడం, సెల్లులో డిస్టిల్డ్ వాటర్ పోయడం, టెర్మినళ్లకి వాజిలీన్ రాయడం, యాసిడ్ సాంద్రత చెప్పే హైడ్రోమీటర్ ముంచి రీడింగ్ చూసి పలక మీద రాయడం. చొక్కాలన్నీ యాసిడ్ పడి చిల్లులే. నేనూ నీలాగే ఏడ్చాను. మా మేస్త్రి మాట్లాడేవాడు కాదు, పలక చూసి వెళ్లిపోయేవాడు.

ఒక పెట్టెలో అన్ని సెల్లులూ 1210 దగ్గర ఉంటే ఒక్కటి మాత్రం 1180 చూపించింది, అంటే దానిలో చార్జ్ తక్కువ. ఆ పెట్టె మళ్లీ వచ్చినప్పుడు చూస్తే అదే సెల్ ఇంకా దిగింది. నేను రోజూ రాసేవాణ్ణి కాబట్టి నాకు గుర్తుంది. మేస్త్రికి చెప్పాను. ఆయన ఆ సెల్ తీయించి, ఆ రోజు నుంచి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆల్టర్నేటర్ విప్పి చూపించాడు. ఆరు నెలలు నేను కడిగానో లేదో ఆయన చూడలేదు. కడుగుతూ కళ్లు తెరిచి ఉంచానా లేదా అన్నదే చూశాడు.

నువ్వు మోటార్లు తుడుస్తున్నావు కదా. తుడిచేటప్పుడు ఏం చూస్తున్నావు? కేబుల్ కొసకి బిగించే లగ్ నల్లబడిందా, ఇన్సులేషన్ పగిలిందా, బేరింగ్ వైపు గ్రీజు కారుతోందా? రోజూ తుడిచేవాడికి తెలిసినంతగా ఆ మోటారు ఎవరికీ తెలియదు.

రేలంగి_రోడ్డు
పాత టీఎల్ గారి మీద గౌరవం ఉంది. కానీ ఆరు నెలలు కడిగించి, ఆ తర్వాత నేర్పడం గొప్ప పద్ధతని నేను ఒప్పుకోను. అప్పట్లో ఆయనకి ఉద్యోగం ఉంది, జీతం ఉంది, ఓపిక పట్టారు. ఈ తమ్ముడికి ఉన్నదే ఒక్క సంవత్సరం. అందులో ఆరు నెలలు చీపురుకే పోతే ఇంక ఏం మిగులుతుంది?

కౌలు_రైతు
మావాడు కూడా ఇలాగే వేరే చోట చేస్తున్నాడండి. నెలకి మూడు వేలు ఇక్కడి నుంచి పంపుతున్నాను. దాళ్వా ధాన్యం డబ్బులు వచ్చేదాకా కష్టమే. ఇంతకీ చివర్లో ఉద్యోగం ఇస్తారా ఇవ్వరా? మా ఊళ్లో ఒకాయన గ్యారంటీ అన్నాడు.

గౌతమి_గాలి
కౌలు రైతు గారూ, గ్యారంటీ లేదండి. ఆ మాట ఎవరు చెప్పినా నమ్మొద్దు. నేను 2022లో అప్రెంటిస్ పూర్తి చేశాను, అందుకే వివరంగా చెబుతున్నాను.

ఇది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఇచ్చే శిక్షణ. ఆ చట్టం ప్రకారం మనం ట్రైనీలం, వర్కర్లం కాదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత లేదని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. మనకి దక్కేది రెండు. ఒకటి, ఆల్ ఇండియా ట్రేడ్ టెస్ట్ పాసైతే వచ్చే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. రెండోది, రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకి లెవెల్-1 పోస్టుల్లో, అంటే పాత గ్రూప్ డీలో, ఉండే 20 శాతం. దానికి కూడా అందరితోపాటు పరీక్ష రాయాల్సిందే. 2025 జనవరిలో వచ్చిన లెవెల్-1 నోటిఫికేషన్‌లో 32,438 పోస్టులు ఉన్నాయి. అందులో 20 శాతం చిన్న సంఖ్య కాదు, కానీ రాసేవాళ్లూ లక్షల్లో ఉంటారు.

సీటు కూడా తేలిగ్గా వచ్చేది కాదు. దక్షిణ మధ్య రైల్వే 2024 చివర్లో 4,232 మందికి పిలిచింది, అన్ని ట్రేడులూ కలిపి. కాబట్టి వశిష్ట తమ్ముడూ, మానేసేముందు బాగా ఆలోచించు. నువ్వు సంతకం పెట్టిన ఒప్పందం కాగితం కూడా తీసి చదువు. మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు కట్టాలనే షరతు ఉంటుంది.

కౌలు_రైతు
చాలా థాంక్స్ అమ్మా. గ్యారంటీ కాదని తెలిసింది, మావాణ్ణి ఇప్పటి నుంచే పరీక్షకి చదవమని చెబుతాను.

25కేవీ
నేను టీఆర్‌డీలో పనిచేస్తున్నాను, అంటే రైలు పైన తీగలు చూసే డిపార్ట్‌మెంట్. నేనూ అప్రెంటిస్ నుంచే వచ్చాను. రేలంగి రోడ్డు అన్న మాటలో కొంత నిజం ఉంది, కానీ నా అనుభవం చెబుతాను.

నా చేత మూడు నెలలు ఎర్త్ రాడ్లు మోయించారు. మండుటెండలో ట్రాక్ పక్కన రాళ్ల మీద భుజాన రాడ్డు వేసుకుని నడవడమే పని. ఇదేం చదువు అనుకున్నాను. ఆ రాడ్డు ఎందుకో తెలిశాక వెన్నులో చలి పుట్టింది.

పైన కాంటాక్ట్ వైరులో 25 వేల వోల్టులు ఉంటాయి. పని చేయాలంటే ముందు పవర్ బ్లాక్ తీసుకోవాలి. ట్రాక్షన్ పవర్ కంట్రోలర్ కరెంటు ఆపి, ప్రైవేట్ నంబర్‌తో, అంటే మెసేజ్ నిజమైనదేనని చెప్పే గుర్తు నంబర్‌తో, మెసేజ్ ఇస్తాడు. అది చేతికి వచ్చాకే పర్మిట్. చాలామంది కరెంటు పోయింది కాబట్టి తీగ చచ్చిపోయింది అనుకుంటారు. డబుల్ లైన్ ఉన్నచోట పక్క లైన్లో కరెంటు ఉంటుంది కదా, దాని ఇండక్షన్ వల్ల ఆపిన తీగలో కూడా మనిషిని చంపేంత వోల్టేజీ పుడుతుంది. అందుకే పనిచేసే చోటుకి రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేస్తాం. ముందు కింద పట్టాకి బిగించి, తర్వాతే పైన తీగకి తగిలించాలి. తీసేటప్పుడు ముందు తీగ నుంచి తీసి, ఆఖరున పట్టా నుంచి విప్పాలి. ఈ వరస తప్పితే రాడ్డు పట్టుకున్నవాడి ఒళ్లే ఎర్త్ అవుతుంది.

నేను మూడు నెలలు మోసింది పైన ఎక్కేవాళ్ల ప్రాణం. ఆ మాట నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పకపోవడం తప్పే. ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన అప్రెంటిస్‌లకి మొదటి రోజే చెబుతున్నాను.

లంక_కొబ్బరి
25కేవీ గారూ, కోనసీమలో కొబ్బరి మట్ట తీగ మీద పడితే మీరేనా వచ్చేది?

25కేవీ
మట్టలే కాదండి, కాకులు కూడా మాకు బంధువులే. ఎండాకాలం ముందు ఎక్కడి నుంచో ఇనుప తీగ ముక్కలు తెచ్చి మా బ్రాకెట్ల మీద గూళ్లు కడతాయి. ఆ తీగ ముక్క ఇన్సులేటర్‌కి అడ్డం పడిందంటే లైన్ ట్రిప్. సముద్రం దగ్గరైతే ఉప్పు ఇంకో బాధ. ఇన్సులేటర్ మీద ఉప్పు పేరుకుని, చలికాలం తెల్లవారుజామున మంచుకి తడిస్తే దాని మీదుగానే కరెంటు పాకేస్తుంది. అందుకే తుడుస్తూ ఉండాలి. చూశారా, మళ్లీ తుడవడమే.

చెరువు_మోటార్లు
మా చెరువుల దగ్గరా అంతే. ఉప్పు గాలికి స్టార్టర్ బాక్సులో కాంటాక్టులు పచ్చబడిపోతాయి.

రేలంగి_రోడ్డు
25కేవీ అన్నా, మీరే ఒప్పుకున్నారు చెప్పకపోవడం తప్పని. నేను అంటున్నదీ అదే. పని చిన్నదైనా పరవాలేదు, దాని వెనక కారణం చెప్పాలి. చెప్పకుండా చేయిస్తే అది చాకిరీ, చెప్పి చేయిస్తే చదువు.

గౌతమి_గాలి
రేలంగి రోడ్డుతో వంద శాతం ఏకీభవిస్తున్నాను. మా బ్యాచ్‌లో జరిగిందీ చెబుతాను. నన్ను, ఇంకో అమ్మాయిని ఐదు నెలలు ఆఫీసులో రిజిస్టర్లు రాయడానికి కూర్చోబెట్టారు. ఆడపిల్లలు షెడ్‌లో ఎందుకు, నీడలో ఉండండి అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారేమో, కానీ రిజిస్టర్ రాస్తే ఎలక్ట్రీషియన్ అవుతామా? సెక్షన్ దగ్గర మాకు టాయిలెట్ కూడా లేదు, ఆఫీసు దాకా నడిచి రావాల్సి వచ్చేది. అయినా సరే సెక్షన్‌కే వెళ్తామన్నాం.

ఇద్దరం కలిసి ట్రైనింగ్ చూసే ఆఫీసర్‌కి అరపేజీ అర్జీ రాశాం. ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. "మా ట్రేడ్ సిలబస్‌లో కేబుల్ జాయింటింగ్, మోటార్ స్టార్టర్లు, ఏసీ పరికరాలు ఉన్నాయి, ఈ సెక్షన్లలో నెల చొప్పున వేయగలరు" అని మాత్రమే. పది రోజుల్లో మార్చారు. తమ్ముడూ, నువ్వు కూడా రొటేషన్ అడుగు. అడగడం తప్పు కాదు. శిక్షణ రికార్డు పుస్తకం ఇచ్చి ఉంటారు, అందులో ఏ వారం ఏం చేశావో ఉన్నది ఉన్నట్టు రాయి. "ఊడవడం" అనే మాట మూడు నెలలు వరసగా కనిపిస్తే సంతకం పెట్టేవాళ్లే ఆలోచిస్తారు.

లంక_కొబ్బరి
అర్జీలూ అవీ ఎందుకు, సీజన్లో మేస్త్రి గారింటికి ఒక పులస పంపితే మెగ్గర్ ఏంటి, ఇంజనే చేతికిస్తారు.

పాత_టీఎల్
పులస అంటే ఈ కుర్రాడి ఆరు నెలల స్టైపెండు పోతుంది. ఆత్రేయపురం పూతరేకులు నాలుగు తీసుకెళ్లి అందరితో కలిసి తినమనండి. అది కూడా ఏమీ ఆశించకుండా. నాకు ఎవరూ ఏమీ పెట్టలేదు, అయినా నాకు తెలిసినదంతా చెప్పాను.

వశిష్ట_గట్టు
ఇంతమంది రాస్తారని అనుకోలేదు. అన్నీ రెండు మూడు సార్లు చదివాను. గౌతమి అక్కా, రికార్డు పుస్తకం ఇచ్చారు, నేను తెరవనే లేదు. రేపే మొదలుపెడతాను.

టీఎల్ గారూ, మీరు అడిగింది నిజం. తుడిచేటప్పుడు నేను ఏమీ చూడటం లేదు, కోపంతో తుడుస్తున్నాను. ఒక్కటి అడగాలి. మెగ్గర్ పెట్టాక ఒక నిమిషం ఆగి రాస్తారు, కొన్నిసార్లు పది నిమిషాలు ఆగుతారు. ఎందుకు?

పాత_టీఎల్
చూశావా, దూరం నుంచి చూసే ఇది పట్టుకున్నావు.

మెగ్గర్ పెట్టిన వెంటనే కనిపించే విలువ నిలవదు. ఇన్సులేషన్ కొంత చార్జ్ తీసుకుంటుంది, దాంతో రీడింగ్ మెల్లగా పెరుగుతూ పోతుంది. అందుకని అందరూ ఒకేలా పోల్చుకోవడానికి ఒక నిమిషం దగ్గర రాస్తారు. పది నిమిషాల రీడింగ్‌ని ఒక నిమిషం రీడింగ్‌తో భాగిస్తే వచ్చేది పోలరైజేషన్ ఇండెక్స్. ఇన్సులేషన్ పొడిగా, శుభ్రంగా ఉంటే పది నిమిషాలకి బాగా పెరుగుతుంది, భాగిస్తే 2 పైన వస్తుంది. తడి పట్టినా, మురికి ఉన్నా పెద్దగా పెరగదు, ఒకటి దగ్గరే ఉండిపోతుంది. అప్పుడు ఓవెన్‌లో ఆరబెట్టాలి.

ఇంకో మాట. టెస్ట్ అయ్యాక వైండింగ్‌ని ఎర్త్ చేసి డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకోకు. "పక్కకి జరుగు" అన్నది బహుశా అందుకే.

చెరువు_మోటార్లు
ఇది నాకు కూడా తెలియదు. ఇరవై ఏళ్లుగా మెగ్గర్ పెడుతున్నాను, ముల్లు చూసి ఓకే అనేవాణ్ణి.

వశిష్ట_గట్టు
బాబాయ్, మీ షాపుకి వచ్చే మోటార్లు ఎక్కువగా ఎందుకు కాలతాయి?

చెరువు_మోటార్లు
ఏమో అబ్బాయ్, వోల్టేజీ అంటాం. రాత్రి మోటారు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు నీళ్ల మీదికి వచ్చేస్తాయి, రైతు పరిగెత్తుకొస్తాడు. కారణం చూసే టైం ఎక్కడుంది, విప్పి చుట్టి ఇచ్చేయడమే.

25కేవీ
బాబాయ్, ఈసారి విప్పేముందు కాయిల్స్ ఒకసారి చూడండి. కాయిల్స్ అన్నీ ఒకేలా నల్లబడితే ఓవర్‌లోడ్. మూడు ఫేజుల్లో రెండు ఫేజుల కాయిల్స్ మాడి, ఒక ఫేజువి కొత్తవాటిలా ఉంటే, స్టార్ మోటారుకి, అంటే మూడు ఫేజుల కాయిల్స్ కొసలు ఒక్కచోట కలిపినదానికి, ఒక ఫేజు పోయినట్టు. కాయిల్స్ త్రికోణంలా కలిపిన డెల్టా మోటారైతే తిరగేసి, ఒక ఫేజు మాడి రెండు బాగుంటాయి. ఇదే సింగిల్ ఫేజింగ్. 2 హెచ్‌పీ ఏరేటర్లు మామూలుగా స్టార్‌లోనే ఉంటాయి.

చెరువు_మోటార్లు
ఇప్పుడే షాపులో ఉన్నవి చూశాను. ఆరింటిలో నాలుగు రెండు ఫేజులు మాడి ఒకటి తెల్లగా ఉన్నాయి! ఇన్నాళ్లూ ఒకే రైతు మోటారు మూడు నెలలకోసారి చుట్టి ఇస్తున్నాను, తప్పు స్టార్టర్‌లో ఉంది. ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించమని ఈ రోజే ఫోన్ చేసి చెబుతాను.

వశిష్ట అబ్బాయ్, నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా షాపులో చుట్టడం నేర్చుకుంటావు. అది మంచి పనే, నా ఇల్లు దాని మీదే నడిచింది. కానీ ఎందుకు కాలిందో మా దగ్గర ఎవరూ నేర్పరు. ఆ ఏడాది అక్కడే పూర్తి చేయి. తర్వాత రావాలనుకుంటే తలుపు తెరిచే ఉంటుంది, 14 కాదు 18 ఇస్తాను.

కౌలు_రైతు
బాబాయ్ గారూ, మావాడికి కూడా ఒక మాట వేసి ఉంచండి.

రేలంగి_రోడ్డు
చెరువు మోటార్లు గారికి నమస్కారం. వ్యాపారం తగ్గే మాట రైతుకి ఫోన్ చేసి చెప్పడం అందరూ చేసే పని కాదు.

వశిష్ట_గట్టు
మూడు వారాలైంది, జరిగింది రాస్తున్నాను.

అర్జీ రాసే ముందు మేస్త్రి గారినే నేరుగా అడగాలనిపించింది. మోటార్లు తుడుస్తూ చూసినవన్నీ పుస్తకంలో రాశాను. ఒక మోటారు కేబుల్ లగ్ దగ్గర రంగు మారి ఉంది, దాన్ని కూడా రాశాను. భోజనాల టైంలో పుస్తకం తీసుకెళ్లి ఆయనకి చూపించి, "ఈ లగ్ ఎందుకు ఇలా ఉందండి?" అని అడిగాను. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని మొదటి పేజీ నుంచి చదివారు. లేచి వెళ్లి ఆ లగ్ చూశారు. క్రింపింగ్, అంటే లగ్‌ని వైరు మీద నొక్కి బిగించడం, సరిగా పడలేదు, వదులుగా ఉండి వేడెక్కుతోందట. కొత్త లగ్ తెప్పించి, "నువ్వే క్రింప్ చేయి" అన్నారు. చేతులు వణికాయి. మొదటిది చెడిపోయింది, రెండోది పడింది.

తర్వాత ఆయనే చెప్పారు. నాకు ముందు వచ్చిన బ్యాచ్‌లో ఒక కుర్రాడికి టెస్ట్ అయ్యాక డిశ్చార్జ్ చేయకుండా ముట్టుకుని షాక్ తగిలిందట, బతికి బయటపడ్డాడట. అప్పటి నుంచి ఆయన ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. ఆ సంగతి ముందే చెప్పొచ్చు కదా అని నాకు లోపల బాధ ఉంది, కాదనను. కానీ మొన్న సోమవారం మెగ్గర్ లీడ్లు నాకే ఇచ్చారు. ఒక నిమిషం రీడింగ్, పది నిమిషాల రీడింగ్ తీశాను, భాగించి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, సంతకం పెట్టారు.

రొటేషన్ కోసం అర్జీ కూడా ఇచ్చాను అక్కా, వచ్చే నెల స్టార్టర్ ప్యానెళ్ల దగ్గర వేస్తామన్నారు. ఇంటికి డబ్బు ఇబ్బంది మాత్రం అలాగే ఉంది. ఆదివారాలు ఇక్కడ ఒక ఇంటి వైరింగ్ మేస్త్రితో వెళ్దామా అని చూస్తున్నాను.

పాత_టీఎల్
చదివి కళ్లు చెమర్చాయి బాబూ. ఆదివారం పనికి వెళ్లేముందు అప్రెంటిస్ నిబంధనలు ఒకసారి ఆఫీసులో అడిగి వెళ్లు.

గౌతమి_గాలి
స్టార్టర్ ప్యానెళ్ల దగ్గర వేస్తే బంగారం. మా ట్రేడ్ టెస్ట్‌లో స్టార్-డెల్టా స్టార్టర్ ఇచ్చారు, మోటారుని స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకి మార్చేది.

వశిష్ట_గట్టు
అదే భయం అక్కా. మోటారు నుంచి వచ్చే ఆరు లీడ్లకి నంబర్లు చెరిపేసి ఇస్తే ఎలా?

గౌతమి_గాలి
ముందు మల్టీమీటర్‌తో కంటిన్యూటీ చూసి మూడు జతలు విడదీయి. ఏ కొస మొదలు, ఏది చివర అన్నది తేల్చడం రెండో పని. ఒక జతకి చిన్న ఏసీ వోల్టేజీ ఇచ్చి, మిగతా రెండు జతలనీ సిరీస్‌లో కలిపి వోల్ట్‌మీటర్ పెట్టు. ముల్లు కదిలితే ఒకదాని మొదలు ఇంకోదాని చివరకి కలిసినట్టు, సున్నా దగ్గరే ఉంటే మొదలూ మొదలూ గానీ, చివరా చివరా గానీ కలిసినట్టు. కంట్రోల్ సర్క్యూట్‌లో స్టార్ కాంటాక్టర్ కాయిల్‌కి డెల్టా ఎన్‌సీ (కాంటాక్టర్ పడితే తెరుచుకునే కాంటాక్ట్), డెల్టా కాయిల్‌కి స్టార్ ఎన్‌సీ వేయడం మర్చిపోకు. రెండూ ఒకేసారి పడితే షార్టే. నా నోట్సు ఫోటోలు రాత్రికి పెడతాను.

చెరువు_మోటార్లు
ఆ ఫోటోలు నాకూ కావాలమ్మా.